లేవని రాజు

పేరయ్య రెండో ఇడ్లీ తిని చెయ్యి కడుక్కోబోతుండగా తల వెనకనుంచి "వన్స్ మోర్" అని వినిపిస్తుంది. చెంబు పట్టుకున్న చెయ్యి ఆగిపోతుంది. తిన్న ఇడ్లీ పళ్ళెంలోకి తిరిగి వచ్చి, తనే కాస్త చట్నీ వేసుకుని, బుద్ధిగా కూర్చుంటుంది.

పేరయ్య దాన్ని మళ్ళీ తింటాడు. ఆకలి లేదు. కానీ జనం అడిగాక కాదనడం అతని ఒంట్లోనే లేదు.

ఈమధ్య అన్నీ ఇంతే. గడ్డం గీసుకుంటే గీసిన చెంప మళ్ళీ మాసిపోతుంది. లుంగీ కట్టుకుంటే ముడి దానంతటదే విడిపోయి రెండోసారి కట్టమంటుంది. కుడిచెవిలోంచి బీడీ పొగ, వేయించిన వేరుశనక్కాయల వాసన వస్తుంటాయి. పొన్నూరులో దానికెవరూ ఏమీ అనుకోరు. పాత ఆర్టిస్టు కదా, తలలో జనం ఉండరా అంటారు.

వన్స్ మోర్ సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. పద్యనాటకంలో నటుడు పద్యం ఎత్తుకుని, రాగం తీసి తీసి దించుతాడు. జనానికి నచ్చితే "వన్స్ మోర్" అంటారు. అన్నాక మళ్ళీ పాడి తీరాలి. అప్పటికా పాత్ర చచ్చిపోయి ఉన్నా సరే. పేరయ్య ముప్ఫయ్యేళ్ళూ వేసింది ఒకటే వేషం, బాణం తగిలి చచ్చే రాజు. ఛాతీలో బాణంతో మోకాళ్ళమీద కూలబడి, పద్యం పాడి, ప్రాణం వదులుతాడు. జనం ఊరుకోరు. చచ్చిన రాజు లేచి, దుమ్ము దులుపుకుని, హార్మోనియం వాడికి కనుసైగ చేసి, మళ్ళీ పాడి మళ్ళీ చస్తాడు. పెదనందిపాడులో ఒకసారి తెల్లారేదాకా చచ్చాడు. మనవాళ్ళకి ప్రాణం పోతే పోయింది, పద్యం పోకూడదు.

చెయ్యి ఎట్టకేలకు కడుక్కుని లేచేసరికి వసారాలో అతని భార్య తిరుపతమ్మ రేకుపెట్టె మీద కూర్చుని ఉంది. మూత పడాలంటే ఎవరో ఒకరు దానిమీద కూర్చోవాలి. ఆమె మేనమామ కొడుకే పేరయ్య. పెళ్ళికి ముందూ మావే, పెళ్ళయ్యాకా మావే.

"పన్నెండింటి బండికి చీరాల పోతన్నా మావా. మా చెల్లి కాడ ఉంటా," అంటుంది.

"ఎన్నాళ్ళు?"

"అది నువ్వు చెప్పే మాటని బట్టి ఉంటది."

ఏ మాటో పేరయ్యకి తెలుసు. చెవుల వెనక రంగు కూడా పోకుండా ఆట ముగించుకుని ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె వేణ్ణీళ్ళు తోడుతూ ఒకటే అడిగేది, ఇంక ఇంటిపట్టున ఉంటావా అని. అతను ఒకటే చెప్పేవాడు, ఇంకొక్క ఆట అని. మొదట్లో ఆమె నవ్వేది. తర్వాత నవ్వడం మానేసి అడగడం మాత్రం ఉంచుకుంది. ఇప్పుడు వాళ్ళ నాటక సమాజం మూతపడింది. కిరీటంలో కోడి గుడ్లు పెడుతోంది. ఆడడానికి ఆటే లేదు. అయినా ఆమె అడిగితే పేరయ్య నోరు అదే అంటుంది.

"టేషన్లో ఎక్కబోయేముందు అడుగుతా. అదే ఆఖరు. ఆ పాడుమాటే అన్నావా, ఎక్కేస్తా. మళ్ళీ తిరిగి రాను," అని ఆమె లేచి పెట్టెకి గొళ్ళెం వేస్తుంది. కోపంగా అనదు. కోప్పడే ఓపిక ఆమెలో ఎప్పుడో అయిపోయింది.

పేరయ్య పెరట్లోకి పోయి నీళ్ళతొట్టి మీదికి వంగి సాధన చేస్తాడు. ఉంటాను. ఎక్కడికీ పోను. రెండే ముక్కలు. చిన్నపిల్లవాడైనా చెప్పగలడు. నోరు తెరుస్తాడు. "ఇంకొక్క ఆట" అంటుంది నోరు. తొట్టిలో నీళ్ళు చప్పట్లు కొడతాయి. పేరయ్యకి భయం వేస్తుంది. ఆమె లేని ఇంట్లో తను ఉండలేడు. ఆ సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది, తెలియాల్సిన నోటికి మాత్రం ఇంకా తెలియలేదు.

బస్టాండు పక్కన ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి పోతాడు. డాక్టరు అతన్ని బల్లమీద కూర్చోబెట్టి, చెవిలోకి టార్చి వేసి చూస్తాడు. చూస్తూ చూస్తూ కుర్చీ దగ్గరికి లాక్కుని సర్దుకుని కూర్చుంటాడు. కాసేపటికి తొడమీద తాళం కూడా వేస్తాడు.

"డాక్టరుగారూ, రోగం చూడండి."

"అదే చూస్తున్నానయ్యా. గొంతు ఇంకా బాగుంది నీది," అని డాక్టరు టార్చి ఆపుతాడు. "వెనకవైపు లోతుగా జనం ఉన్నారు. ఒకసారి మెచ్చిందే మళ్ళీ కావాలంటారు. అది వాళ్ళ పని, వాళ్ళని అని లాభం లేదు. నుదుటి వెనక ప్రాంప్టరు ఉండాలి. ఏ మాట ఎప్పుడనాలో, ఏది అనకూడదో అందించేవాడు. నీ దాంట్లో ఆ స్టూలు ఖాళీగా ఉంది."

"మాత్రలేమన్నా..."

"మాత్ర స్టూలుమీద కూర్చోదు కదా! లోపలికి వెళ్ళి మనిషిని వెతుక్కో."

డాక్టరు లేచి, పేరయ్య నుదుటి కింద రెండు వేళ్ళు పెట్టి, కొట్టు షట్టరు ఎత్తినట్టు పైకి ఎత్తుతాడు. కాస్త కిర్రుమంటుంది. పేరయ్య తల వంచుకుని లోపలికి వెళతాడు. బల్లమీద పేరయ్య కూర్చునే ఉంటాడు. డాక్టరుకి ఇందులో చిక్కేమీ కనిపించదు. బయటి ఆయన పెట్టె మోసుకుని స్టేషనుకి పోవాలని, లోపలి ఆయన ఈలోగా పని చక్కబెట్టుకోవాలని ఇద్దరికీ పనులు పంచుతాడు.

లోపల పెద్ద తాటాకు పందిరి. బయట ఎండ మాడుస్తున్నా ఇక్కడ పెట్రోమాక్సు లైట్లు బుస్సుమంటున్నాయి. నుదుటి పక్కన ప్రాంప్టరు స్టూలు, దానిమీద కళ్ళజోడు. ఆ పక్కన బల్లలు పేర్చి కట్టిన స్టేజీ. స్టేజీకి అటూ ఇటూ రెండు కిటికీలు, వాటిలోంచి చూస్తే పొన్నూరు రోడ్డు. స్టేజీ ముందునుంచి మెడ వెనకదాకా జనమే జనం. చాపలు, తలగుడ్డలు, పొత్తిళ్ళలో పిల్లలు. తను ఆడిన ఊళ్ళన్నీ వరసగా కూర్చుని ఉన్నాయి. అతన్ని చూడగానే ఊళ్ళన్నీ సర్దుకుని చోటిస్తాయి.

తెర తాడు పట్టుకుని మస్తాను నిలబడి ఉన్నాడు. సమాజం పెట్టిన రోజునుంచీ తెర లాగేది అతనే.

"తెర దించెయ్యి మస్తానూ, బండి టైమైంది," అంటాడు పేరయ్య.

"దించుతా. నువ్వు పడుకుని ఉంటే దించుతా. లేచి నిలబడ్డ రాజు మీద తెర దించితే మర్యాదేనా? ఇన్నేళ్ళూ నేను దించబోవడం, నువ్వు లేవడం. నా చేతులు కాయలు కాసినయ్ గానీ తెర నేల తగిలింది లేదు."

అది నిజమే. పేరయ్య అక్కణ్ణుంచి కదిలి జనంలోకి నడుస్తాడు. ప్రాంప్టరు అనంతం కోసం వెతుకుతాడు. అనంతం చనిపోయి చాలా కాలమైంది, అందుకే ఇక్కడ దొరకాలి. చివరి వరసలో, చాపమీద, వేరుశనక్కాయలు వొలుచుకుంటూ దొరుకుతాడు.

"నువ్వు కూడా వన్స్ మోర్ అంటున్నావా, అనంతం?"

"ఏం చేయమంటావు నాయనా! ముప్ఫయ్యేళ్ళు గొంతు చించుకుని తర్వాతి మాట అందించాను. నువ్వు విన్నావా? నేనొకటి అందిస్తే జనం ఒకటి అడిగేవారు. నువ్వు జనం మాటే విన్నావు. వినేవాళ్ళ పక్కన కూర్చుంటే నయం కదా అని ఇటొచ్చాను."

"వచ్చి ఒక్క మాట అందించు. ఉంటానూ అని. చాలు."

అనంతం ఒక గింజ నోట్లో వేసుకుని నములుతాడు. అతనికి కూడా అలసట వచ్చింది.

"మాట అందించడం చిన్న పని పేరయ్యా. పాత మాట ఆగితేనే కొత్తది వినపడుతుంది. అది ఆపడం నా వల్ల కాలేదు, నీ వల్ల అవుతుందేమో చూడు. నీకింకో సంగతి చెప్పనా? మన నాటకంలో రాజు చచ్చాక ఇంకో రంగం ఉంది."

పేరయ్య ఆ మాట వినడం ఇదే మొదలు.

"ఏ రంగం?"

"రాణి వస్తుంది. తర్వాత ఏమవుతుందో నాకూ గుర్తులేదు. నువ్వు చచ్చి లేచి చచ్చేసరికి తెల్లారిపోయేది, లైట్లు ఆపేసేవాళ్ళం. ఆ వేషానికి మనం మనిషిని కూడా పెట్టుకోలేదు. చచ్చాక లేవకుండా పడుకో. ఒక్కసారి. ఆ రంగం దానంతటదే వస్తుంది."

పేరయ్య స్టేజీ ఎక్కుతాడు. ఎవరో ఛాతీలో బాణం గుచ్చి, పిన్నీసు పెట్టి బిగిస్తారు. కిటికీలోంచి చూస్తే బయటి పేరయ్య నెత్తిమీద రేకుపెట్టెతో నడుస్తున్నాడు. పక్కన తిరుపతమ్మ, చేతిసంచీతో. సోడాకొట్టు దాటితే పొన్నూరు వాళ్ళు బండెక్కే నిడుబ్రోలు స్టేషను కనిపిస్తుంది.

పద్యం పాడతాడు. ముప్ఫయ్యేళ్ళ పద్యం, తన ప్రమేయం లేకుండానే గొంతులోంచి పోతుంది. చివరి రాగం దించి వెనక్కి పడిపోతాడు. లేవకూడదు అనుకుంటాడు.

"వన్స్ మోర్!"

మోకాళ్ళు లేస్తాయి. అతను లేవలేదు, మోకాళ్ళే లేచాయి. వాటివెంట నడుము, నడుము వెంట రాజు. చప్పట్లు. మస్తాను తాడు బిగపట్టి నిట్టూరుస్తాడు. కిటికీ బయట, దాటిపోయిన సోడాకొట్టు మళ్ళీ ఎదురుగా వస్తుంది.

మళ్ళీ పాడతాడు, మళ్ళీ పడతాడు, మళ్ళీ లేస్తాడు. సోడాకొట్టు మళ్ళీ వస్తుంది. స్టేషను అంతే దూరంలో ఉండిపోతుంది.

ఇదేదో బాగానే ఉందే అనిపిస్తుంది పేరయ్యకి. తను లేస్తూ ఉన్నంతసేపూ దారి తరగదు. దారి తరగకపోతే బండి అందదు. బండి అందకపోతే ఆమె పోదు. తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు, అలవాటు ముదిరి ఉపాయమైంది. ఆ ఉత్సాహంతో ఇంకోసారి చచ్చి లేస్తాడు.

అప్పుడు కిటికీలోంచి తిరుపతమ్మ తలవైపు చూస్తాడు. సోడాకొట్టు దాటినప్పుడల్లా ఆమె జుట్టు ఇంకాస్త తెల్లబడుతోంది. మొదటిసారి దాటినప్పుడు పాపిట దగ్గర మాత్రమే నెరుపు. ఇప్పుడు ముడి కూడా ముగ్గులా ఉంది. చెప్పులు అరిగిపోయి, ఒట్టికాళ్ళతో నడుస్తోంది.

"ఈ సోడాకొట్టు ఇందాకే దాటాం గదా మావా," అంటుంది ఆమె. ఫిర్యాదు కాదు. ఇన్నేళ్ళుగా దాటుతూనే ఉన్న మనిషిలా అంటుంది.

తను ప్రతిసారీ లేచింది ఈమె జుట్టులోని నలుపు తీసుకునే అని పేరయ్యకి అర్థమవుతుంది. సిగ్గు వేస్తుంది. ఛాతీలో బాణం మొదటిసారి నిజంగా నొప్పి పెడుతుంది.

ఈసారి పద్యం కొంచెం తగ్గించి పాడతాడు. పడిపోతాడు. బల్లల సందులోంచి పాత రంగు వాసన వస్తోంది. వీపుకింద ఒక మేకు గుచ్చుకుంటోంది. కళ్ళు మూసుకుంటాడు.

"వన్స్ మోర్!"

మోకాలు కదులుతుంది. రెండో మోకాలు దానిమీద వేసి తొక్కిపెడతాడు.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

పందిరి ఊగుతుంది. చిల్లరా, పూలదండలూ వచ్చి మీద పడతాయి. పెదనందిపాడు లేచి నిలబడి ఈల వేస్తుంది. ఎవరో ముసలాయన ఏడుస్తూ, నీ పద్యం వింటూనే మా ఆవిడ కన్నుమూసింది నాయనా, ఇంకొక్కసారి అంటాడు. ఆ మాటకి పేరయ్య గొంతులో పద్యం దానంతటదే కదులుతుంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అతన్ని వాళ్ళు ప్రేమించారు, వాళ్ళని అతను ప్రేమించాడు, భార్యకంటే ఎక్కువగానే. దాచుకుని లాభమేముంది? ఇంత మంది పిలుస్తుంటే పడుకుని ఉండటం, బతికుండి పాడె ఎక్కడంకన్నా కష్టం.

కానీ అలిసిపోయాడు. ఎన్ని చావులు చచ్చాడో, ఒక్కదానిలోనూ జనం కాసేపు నిద్రపోనివ్వలేదు. ఆ అలసటనే దుప్పటిలా కప్పుకుని పడుకుంటాడు.

కిటికీలో నిడుబ్రోలు స్టేషను వస్తుంది. బండి వచ్చి నిలబడుతుంది. తిరుపతమ్మ పెట్టె అందుకోవడానికి చేతులు చాపి, బయటి పేరయ్య మొహంలోకి చూస్తుంది.

"ఇంక ఇంటిపట్టున ఉంటావా, మావా?"

లోపల జనం గొంతులన్నీ ఒకటై అరుస్తాయి. రాజు కదలడు. చీమ ఒకటి కనురెప్ప ఎక్కి దిగుతుంది, అయినా కదలడు. అరుపు కాస్త తగ్గి, ఇంకాస్త తగ్గి, అడుగున పిల్లల ఏడుపొక్కటే మిగులుతుంది. అప్పుడు మస్తాను, ఇన్నేళ్ళ తర్వాత, తాడు వదులుతాడు. తెర జరజరా దిగి నేల తాకుతుంది. తెరకి అంచు ఉంటుందని, దానిమీద చిలకలు కుట్టి ఉన్నాయని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. జనం ఆ చిలకల్ని చూస్తూ నోళ్ళు తెరిచి కూర్చుంటారు. ఇక్కడ ఏమనాలో వాళ్ళకి అలవాటు లేదు.

ప్లాట్‌ఫారం మీద పేరయ్య నోరు తెరుచుకుంటుంది. తిరుపతమ్మ రాబోయే మాట తెలిసినదానిలా మొహం తిప్పుకుని పెట్టెమీద చెయ్యి వేస్తుంది.

మాట రాదు. చంకలో చాప పెట్టుకుని ఒక మనిషి వస్తాడు. పెదవి దాటి దిగి, తలగుడ్డ దులుపుకుని, ఆవలించి, బండెక్కుతాడు. అతని వెనక ఇంకొకడు. ఆ వెనక నిద్రపోయిన పిల్లని భుజాన వేసుకుని ఒకావిడ. పేరయ్య నోట్లోంచి ఊళ్ళకి ఊళ్ళు దిగివచ్చి రైలుపెట్టెలన్నీ నింపేస్తాయి. చిట్టచివర స్టూలు పట్టుకుని అనంతం దిగుతాడు. పేరయ్య చెవి దగ్గర ఆగి ఏదో అందించబోయి, అక్కరలేదనుకుని, వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంటాడు.

గార్డు తిరుపతమ్మ వైపు చూసి, "చోటు లేదమ్మా," అంటాడు.

"వద్దులెండి. ఆ మాట అనలేదుగా," అంటుంది తిరుపతమ్మ.

బండి కదిలిపోతుంది. చీరాలలో దిగాల్సిన ఒక్క మనిషి మాత్రం అందులో లేదు.

ఆమె పేరయ్య మొహాన్ని పట్టిపట్టి చూస్తుంది. నుదుటి షట్టరు సగం ఎత్తి ఉండటం కనిపెడుతుంది. పెట్టె కింద పెట్టించి, చేతిసంచీలోంచి చీపురు తీస్తుంది. చెల్లెలి ఇంటికని కొన్న కొత్త చీపురు. కొంగు నడుముకి దోపి, షట్టరు కిందనుంచి వంగి లోపలికి పోతుంది. అతని జనం వెళ్ళిపోయాక ఊడ్చేది ఎప్పుడూ ఆమే.

వేరుశనక తొక్కలు, బీడీముక్కలు, పూలరేకులు. మెడ వెనకనుంచి మొదలుపెట్టి మెల్లగా ఊడ్చుకుంటూ వస్తుంది. తెర అంచు ఎత్తి చూస్తే రాజు పడి ఉన్నాడు. మస్తాను తాడుకి ఆనుకుని కూర్చుని గురక పెడుతున్నాడు.

"లెగు మావా. అయిపోయింది," అంటుంది తిరుపతమ్మ.

రాజు లేవడు. ఇంత కష్టపడి నేర్చుకున్నదాన్ని అంత వెంటనే మర్చిపోవడం అతనికి చేతకాదు.

"నేనే మావా. జనం ఎవరూ లేరు."

రాజు లేవడు. కళ్ళు మూసుకునే, చెయ్యి మాత్రం ఒకటి పక్కకి జరిపి, బల్లమీద మనిషి పట్టేంత చోటు చేస్తాడు.

ఆమె ఆ చోటుని కాసేపు చూస్తుంది. చీపురు పందిరి గుంజకి చేర్చి, అతని ఛాతీలో పిన్నీసు విప్పి బాణం పక్కన పెడుతుంది. "సరేలే. నేనూ కాస్త నడుం వాలుస్తా," అని, చెయ్యి తలకింద పెట్టుకుని పక్కనే ఒరుగుతుంది. పెట్రోమాక్సు లైట్లు ఒక్కొక్కటే బుస్సుమనడం మానేస్తాయి.

ప్లాట్‌ఫారం మీద బయటి పేరయ్య ఒక్కడే మిగులుతాడు. రెండు వేళ్ళతో నుదుటి షట్టరుని చప్పుడు కాకుండా దించుకుంటాడు. రేకుపెట్టె నెత్తిన పెట్టుకోబోయి, ఆగి, చంకలో ఇరికించుకుంటాడు. సోడాకొట్టు వైపు నడుస్తాడు. లోపల పడుకున్న ఇద్దరికీ మెలకువ రాకుండా, నిండుబిందె ఎత్తుకున్నవాడిలా మెడ కదపకుండా, ఇంటిదాకా నడుస్తూనే ఉంటాడు.